బ్యాగు కింది పుండు

మే నెల మిట్టమధ్యాహ్నం ఆదిలాబాద్ నుంచి అన్న ఫోన్. మా పెద్దమ్మ కొడుకు. కరీంనగర్‌లో మా తమ్ముడి పెళ్లికి ఇంకా నాలుగు రోజులే ఉంది. ‘చెల్లె, పెండ్లికి వస్తలేను. ఏమనుకోకు’ అన్నాడు. నేను గొడవ పెట్టుకుంటే కాసేపాగి అసలు సంగతి చెప్పాడు. ‘అంగీ తగిల్నా పానం పోతాంది.’

అన్నకు అల్సరేటివ్ కొలైటిస్. పెద్దపేగు లోపల పుండ్లు పడే జబ్బు. మందులకు లొంగలేదు. రెండేళ్ల కింద పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారు. మలం అక్కడి నుంచి బ్యాగులో పడుతుంది. ఆ బ్యాగుతోనే అన్న బండి నడిపాడు, క్రికెట్ ఆడాడు. బ్యాగు ఆపని మనిషిని పుండు ఆపింది.

మొదట చిన్న పొక్కు. కొన్ని రోజుల్లోనే రూపాయి బిళ్లంత అయింది. అంచులు ఊదారంగు. పుండు చెమరుస్తుంటే బ్యాగు ప్లేటు అంటుకోదు. అంటుకోకపోతే లీకవుతుంది. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్లలా ఉంటుంది, తిండిని అరిగించే రసాలు అందులోనే ఉంటాయి. చర్మం మంటెక్కుతుంది. పైగా ఆదిలాబాద్ ఎండ, చెమట! బ్యాగు ఒరుసుకుని ఇన్ఫెక్షన్ అయిందనుకున్నాం అందరం. ‘యాంటీబయాటిక్ కోర్సు మధ్యలో ఆపకు’ అని నేనూ నీతులు చెప్పాను. ఊళ్లో ఆర్ఎంపీ పుండును గీకి శుభ్రం చేశాడు. వారంలో అది రెట్టింపయింది.

హైదరాబాద్‌లో పేగుల డాక్టర్, స్కిన్ డాక్టర్ కలిసి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, మిగతా జబ్బులు కావని తేల్చుకున్నాక పేరు చెప్పారు: పయోడెర్మా గ్యాంగ్రినోసమ్. 1930లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు పెట్టిన పేరు. చీము, గ్యాంగ్రిన్ రెండూ పేరులో ఉన్నాయి కానీ ఇది ఇన్ఫెక్షనూ కాదు, గ్యాంగ్రినూ కాదు. మన రోగనిరోధక శక్తే తిక్కపుట్టి మన చర్మం మీద పడుతుంది. గీకితే, కోస్తే ఇంకా రెచ్చిపోతుంది. స్టోమాను పొట్ట మీద వేరేచోటికి మార్చినా అక్కడా రావచ్చు. అందుకే కత్తి కాదు, ఆ శక్తిని చల్లబరిచే మందులే ముందు: స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ పూత, మొండిదైతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు. జిడ్డు ఆయింట్‌మెంట్ రాస్తే ప్లేటు ఊడొస్తుంది. ఏ మందు ఏ రూపంలో వాడాలో, ప్లేటు ఎలా అతకాలో చెప్పడానికి స్టోమా నర్సు కావాలి.

ఆ నర్సుల కథ కూడా ఇలాంటి పుండ్లతోనే మొదలైంది. నార్మా గిల్ అనే అమెరికా గృహిణికి ఇదే కొలైటిస్, ఒంటి మీద ఇవే పుండ్లు. 1954లో క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో డాక్టర్ రూపర్ట్ టర్న్‌బుల్ ఆమెకు స్టోమా పెట్టారు. 1958లో మిగతా రోగులకు నేర్పే ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఆయన స్టోమా చుట్టూ చర్మాన్ని కాపాడటానికి వాడించింది కరాయ బంక పొడి. అంటే తపసి చెట్టు బంక. మన ఆదిలాబాద్ అడవుల్లో గిరిజనులు సేకరించేదే! ఇప్పుడు వేరే పదార్థాలు వచ్చాయిలెండి. అన్నకు ఈ ముచ్చట చెప్తే, ‘మా అడవి బంక అమెరికా పోయింది, నర్సమ్మ మాత్రం ఇటు రాకపాయె’ అన్నాడు.

ఇవి పట్నం జబ్బులనుకుంటే పొరపాటు. హైదరాబాద్ ఏఐజీ డాక్టర్లు పేగు సమస్యలున్న 30,000 మందికి పైగా పరీక్షించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, పల్లెల్లోనూ ఈ పేగు జబ్బులు పట్నాల్లో లాగే కనిపించాయి. కానీ ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ 300 కిలోమీటర్లు. నొప్పితో బస్సులో కూర్చోవడం ఎట్లుంటదో అన్ననడగాలి.

స్టోమా పక్కన ఊదా అంచుల పుండు వేగంగా పెరుగుతూ, చూడటానికి చిన్నదైనా నొప్పి భరించలేకుండా ఉంటే, ఎవరినీ గీకనివ్వకండి. ఫొటో తీసి ముందు మీ పేగుల డాక్టర్‌కు పంపండి.

రాఖీ పున్నానికి అన్న వచ్చాడు. పుండు ఇంకా మానలేదు, బఠాణీ గింజంత ఉంది. మానిన చోట చర్మం జల్లెడలా గుంటలు గుంటలు. కొత్త మరదలికి పెండ్లి చీర పెట్టి, ‘అప్పుడు రాలేదని కోపం పెట్టుకోకు బిడ్డా’ అన్నాడు. అంగీ టక్ చేసుకునే వచ్చాడు.