పాము మీదికి కుక్కను ఉసిగొల్పవద్దు

వానలు పడగానే జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ బండల సందుల్లోకి నీరు చేరి పాములు బయటికి వస్తాయి. 1998లో జాతీయ ఉద్యానవనమైన కె.బి.ఆర్. పార్కు కూడా పక్కనే ఉంది. బంగళాలోనైనా బస్తీలోనైనా కుక్కను పెంచేవారు గర్వంగా అనే మాట ఒకటుంది: "మా కుక్క ఉండగా పాము గడప దాటదు." ఈ మాటను మేము ఒప్పుకోము.

కుక్క దేన్నయినా ముందు ముక్కుతోనే పలకరిస్తుంది. అందుకే కాటు ఎక్కువగా మూతి మీద, కాళ్ల మీద పడుతుంది. నాగుపాము పడగ విప్పినా, రక్తపింజరి బుసకొట్టినా ధైర్యం గల కుక్క వెనక్కి తగ్గదు. కొల్లేటి ప్రాంతపు జోనంగి వంటి వేటకుక్కలకైతే కదిలేదాని మీదికి ఉరకడం పుట్టుకతో వచ్చిన గుణం. సినిమాలో కుక్క పాముతో పోరాడి పసిబిడ్డను కాపాడితే చప్పట్లు కొడతాం. ఆ పామును కంప్యూటర్‌లో గీసి ఉండవచ్చు, మన పెరట్లోది అలాంటిది కాదు.

అమెరికాలో వేటకుక్కలకు నిజమైన పామును చూపించి, దగ్గరికి వెళ్లగానే మెడపట్టీతో చిన్న కరెంటు షాకు ఇస్తారు. పాము వాసన వస్తేనే కుక్క దూరం జరగాలని. ఇక్కడ ఆ పని కోసం నాగుపామునో రక్తపింజరినో పట్టి ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా షాకు కంటే మాట మేలని మా అభిప్రాయం. "వద్దు" అంటే ఆగాలి, "రా" అంటే ఏది కనబడినా వదిలేసి రావాలి. రోజూ పది నిమిషాలు, చేతిలో బిస్కెట్ ముక్క పెట్టుకుని నేర్పండి. చీకటి పడ్డాక గొలుసు లేకుండా బయటికి వదలకండి.

మా అసలు దిగులు వేరు. పాము మీదికి వెళ్లిన కుక్కను వెనక్కి లాగబోయేది ఇంట్లో పిల్లవాడో, వాచ్‌మనో. కాటు పడితే గట్టిగా కట్టడం, కోయడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలనివ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మెలితే ద్వీపంలో పౌలుకు ఏమీ కాలేదు కదా అని ఇంట్లోనే ప్రార్థిస్తూ కూర్చునేవారున్నారు. ప్రార్థన ఆటోలో కూడా చేయవచ్చు! గుర్రాల రక్తం నుండి తయారుచేసే విషవిరుగుడు ఇంజక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి కాటుకూ ఇస్తారు. కుక్కకు కూడా పశువైద్యులు వాడేది ఆ మందే.

ఇంట్లో పాము కనబడితే ముందు పిల్లలను, కుక్కను వేరే గదిలో ఉంచి తలుపు వేయండి. హైదరాబాదులోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారికి ఫోన్ చేయండి. వారు వచ్చేదాకా అది ఎటు పోతుందో దూరం నుండే కనిపెట్టి ఉండండి.