పరిశోధన మన చెవికి చేరాలి

విశ్వవిద్యాలయాల నుండి పరిశోధకులు మన వీధులకు వస్తూనే ఉంటారు. ప్రశ్నావళి చేతపట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంట్లో ఎందరున్నారు, పిల్లలు ఎంతవరకు చదివారు, నెలకు సంపాదన ఎంత, అప్పు ఎవరి వద్ద తెచ్చారు, అమ్మాయిని బడి ఎందుకు మాన్పించారు అని అడిగి రాసుకుంటారు. మన తల్లులు, అక్కచెల్లెళ్ళు చాయ్ ఇచ్చి, చేతిలో పని పక్కన పెట్టి, ఓపికగా జవాబులు చెబుతారు. ఆ జవాబులు పట్టికలవుతాయి, పట్టికలు సిద్ధాంత గ్రంథమవుతాయి, గ్రంథానికి డాక్టరేటు లభిస్తుంది. జవాబు చెప్పిన ఇంటికి మాత్రం ఆ గ్రంథంలో ఏముందో ఎన్నడూ తెలియదు.

ఇందులో పరిశోధకులను నిందించడం మా ఉద్దేశం కాదు. తెలుసుకున్నది ఫలానా చోట వచ్చి చెప్పండి అని మనం వారికి ఒక వేదిక చూపలేదు. ఆ వేదికను ఇప్పుడు మనమే నిర్మించాలని, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల విద్యావంతులు కలిసి విశ్వవిద్యాలయ పరిశోధనలను ప్రజలకు వినిపించే ఒక పాడ్‌కాస్ట్ ప్రారంభించాలని మేము ప్రతిపాదిస్తున్నాము. పాడ్‌కాస్ట్ అంటే రేడియో ప్రసంగం వంటిదే. అయితే అది ప్రసారమయ్యే వేళ కోసం మనం ఎదురుచూడనక్కరలేదు. మనకు తీరిక దొరికినప్పుడు ఫోనులో వినవచ్చు.

మన నీళ్ళ కథ

పరిశోధనకూ మన బ్రతుకులకూ సంబంధం ఏమిటని అడిగేవారికి మన నల్లగొండ నేలనే ఉదాహరణగా చూపవచ్చు. ఈ ప్రాంతపు ఫ్లోరైడ్ వ్యాధి గురించి ఎ.హెచ్. సిద్దీఖీ రాసిన వ్యాసం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఆ తరువాత నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు సున్నం, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించి, దానికి మన జిల్లా పేరే పెట్టారు. ‘నల్గొండ టెక్నిక్’ అంటే ఆఫ్రికాలోని ఇథియోపియా, టాంజానియా వంటి దేశాల నీటి ఇంజనీర్లకు కూడా తెలుసు. ఇక్కడి పల్లెల్లో మాత్రం ఆ వ్యాసం వచ్చిన తరువాత కూడా దశాబ్దాల పాటు నడుములు వంగిపోయాయి. వ్యాధి పాపఫలమని నమ్మినవారు, నుదుటి రాత అని సరిపెట్టుకున్నవారు ఎందరో. లండన్ పత్రికలో చదువుకోదగిన సంగతి, ఆ నీళ్ళు తాగుతున్న మనిషికి అతని మాటలో అందలేదు. జ్ఞానం పుట్టడం ఒక ఎత్తు, అది చేరవలసిన చోటికి చేరడం మరో ఎత్తు.

హక్కుకు లెక్కే ఆధారం

కొందరు మిత్రులు ‘మనది హక్కుల పోరాటం, పరిశోధనలతో మనకేం పని’ అంటారు. నాలుగు శాతం రిజర్వేషన్ చరిత్రను ఒకసారి గుర్తు చేసుకుందాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం కల్పిస్తూ చట్టం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. వెనుకబాటుతనాన్ని నిర్ధారించడానికి చేసిన సర్వే తీరునే న్యాయస్థానం తప్పుపట్టింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్లనే నేటికీ మన పిల్లలు ఆ సీట్లలో చేరుతున్నారు. ఎన్ని ఇళ్ళను లెక్కించారు, ఎలా లెక్కించారు అన్న ప్రశ్నపై మన బిడ్డల ఇంజనీరింగ్ సీటు, మెడిసిన్ సీటు ఆధారపడి ఉన్నాయన్న మాట.

2006 నాటి సచార్ కమిటీ నివేదిక పేరు మనలో అందరికీ తెలుసు. రాష్ట్ర ముస్లింల స్థితిగతులపై విశ్రాంత ఐఏఎస్ అధికారి జి. సుధీర్ నాయకత్వంలోని కమిషన్ 2016లో సమర్పించిన నివేదిక పేరు కూడా సభల్లో వింటూ ఉంటాము. పేరు పలికేవారు ఎక్కువ, లోపలి లెక్క చెప్పగలవారు తక్కువ. మేము ప్రభుత్వ కార్యాలయంలో దశాబ్దాలు ఫైళ్ళు నడిపినవాళ్ళం. ‘మా వాడలో పేదరికం ఎక్కువ, దయచేసి ఆదుకోండి’ అన్న వినతిపత్రానికి ‘పరిశీలించబడును’ అన్న ఒక్క ముక్కతో ముగింపు పలకడం సులభం. ‘ఫలానా అధ్యయనం ప్రకారం మా పట్టణంలో ఇంతమంది బాలికలు పదో తరగతితో చదువు ఆపుతున్నారు’ అన్న వినతికి కింది గుమాస్తా మొదలు పై అధికారి దాకా ఎవరో ఒకరు లిఖితపూర్వకంగా సమాధానం రాయక తప్పదు.

లిపి గోడ దాటే మార్గం

పుస్తకం ఉండగా, పత్రిక ఉండగా వినికిడి కార్యక్రమమే ఎందుకు? మన సమాజపు ప్రత్యేక స్థితిని గమనించాలి. మన ఇళ్ళలో చాలా చోట్ల దక్కనీ ఉర్దూ మాట్లాడతారు. దూదేకుల వంటి వర్గాల ఇళ్ళలో తెలుగే తల్లి భాష. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి ఉర్దూ లిపి రాదు. ఉర్దూ చదువుకున్న పెద్దాయనకు తెలుగు గ్రంథం చదవడం కష్టం. ఇంగ్లీషులో ఉన్న పరిశోధన ఇద్దరికీ దూరమే. కానీ వినిపిస్తే ఇద్దరికీ అర్థమవుతుంది. కంటికి అడ్డువచ్చే లిపి చెవికి అడ్డురాదు. ఇంటి దగ్గర మిషను కుట్టే చెల్లెలు, రైస్ మిల్లులో బస్తాలు మోసి వచ్చిన అన్న, ఆటో నడిపే తమ్ముడు పని చేస్తూనో, విశ్రాంతి తీసుకుంటూనో వినగలరు. సభకు రాని మహిళలకు కూడా ఇది చేరుతుంది.

ఉన్నత విద్య ప్రజల భాషలో మాట్లాడాలన్న ఆలోచన ఈ గడ్డకు కొత్తది కాదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగ్ సైతం ఉర్దూలో బోధించింది. అందుకోసం అంతకు ముందే అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. ఇక 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు ‘సంఘం రేడియో’ ప్రారంభించి, విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలోనే చెప్పుకున్నారు. పెద్ద చదువులు లేని ఆ అక్కలు చేయగలిగిన పని పట్టభద్రులమైన మనకు ఎందుకు సాధ్యం కాదు?

ఎవరిని పిలవాలి, ఎలా నడపాలి

నల్లగొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం మనకు అతి సమీపంలో ఉంది. హైదరాబాదులో ఉస్మానియా, కేంద్రీయ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దేశంలోని పీహెచ్‌డీ గ్రంథాలు ‘శోధ్‌గంగా’ అనే ఉచిత భాండాగారంలో లక్షల సంఖ్యలో లభిస్తాయి. మన ప్రాంతానికి సంబంధించినవి అక్కడ వెదికి, రాసినవారిని ఫోనులో ఆహ్వానించవచ్చు. దూరదేశాల వారినీ పిలవవచ్చు. ఖమ్మం ప్రాంతం నుండి వెళ్ళి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్న కవి అఫ్సర్ పీర్ల పండుగపై 2013లో, పోలీసు చర్య నాటి హైదరాబాదు ముస్లింలపై 2023లో ఇంగ్లీషులో గ్రంథాలు వెలువరించారు. మన పీర్ల చావడి కథ, మన తాతల కథ తెలుగు కవి నోటి వెంట తెలుగులోనే వినగలిగితే ఎంత బాగుంటుంది!

నెలకు రెండు భాగాలు చాలు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు మించకూడదు. మంచి ఫోను, చొక్కాకు తగిలించుకునే చిన్న మైకు, ఫ్యాను ఆపిన ఒక గది ఉంటే రికార్డు చేయవచ్చు. సాంకేతిక పని డిగ్రీ చదివే మన పిల్లలు చూసుకుంటారు. పరిశోధకులు మొదట తాము ఏమి కనుగొన్నారో చెప్పాలి, తరువాత ఎలా కనుగొన్నారో చెప్పాలి. చివరి అయిదు నిమిషాలు శ్రోతలు పంపిన ప్రశ్నలకు కేటాయించాలి. ఇది ముఖ్యం. మిర్యాలగూడ మిల్లుల్లో పొట్టు, దుమ్ము పీల్చే హమాలీల ఊపిరితిత్తుల సంగతేమిటి, జాతీయ రహదారి మీద బ్రతికే కోదాడ మెకానిక్కులకు, డ్రైవర్లకు బీమా ఎందుకు అందడం లేదు, సూర్యాపేటలో ఇంటర్ తరువాత అమ్మాయిలు ఎక్కడ ఆగిపోతున్నారు అని మనం అడిగితే, వాటిలో ఒకటైనా రేపటి పరిశోధనాంశం కావచ్చు. ఇన్నాళ్ళూ ప్రశ్న వారిది, జవాబు మనది. ఇకపై ప్రశ్న కూడా మనదే కావాలి.

చేదు మాటలు కూడా వినాలి

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ వేదిక మనల్ని పొగిడే మాటలకే పరిమితమైతే ఆరు నెలల్లో వినేవారు ఉండరు. ప్రభుత్వ నిర్లక్ష్యం గురించిన అధ్యయనాన్ని ఉత్సాహంగా వినిపించి, మనలోని జహేజ్ దురాచారం గురించి, అమ్మాయిల తొందర పెళ్ళిళ్ళ గురించి, ముస్లింలలోనే పాటించే హెచ్చుతగ్గుల గురించి మాట్లాడే అధ్యయనాన్ని అటకెక్కిస్తే అది న్యాయం కాదు. మహిళా పరిశోధకులు చెప్పేది కూడా పూర్తిగా వినాలి. లెక్క తప్పనిపిస్తే మరో లెక్కతో ప్రశ్నించాలి కాని, మైకు ఆపకూడదు. అదే సమయంలో, తన బాధ చెప్పుకున్న ఏ కుటుంబం పేరూ, ఏ వీధి ఆనవాలూ బయటపడకుండా చూడటం నిర్వాహకుల బాధ్యత. ఏ పార్టీ జెండా నీడా ఈ గదిలో పడకూడదు.

ఇది వ్యక్తుల పేరుతో కాక, మూడు పట్టణాల ఉమ్మడి బాధ్యతగా సాగాలని మా కోరిక. ఒక్కో పట్టణం నుండి ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులో, ఉద్యోగులో, ఇద్దరు విద్యార్థులో ముందుకు వస్తే చాలు. వారిలో సగం మంది స్త్రీలు కావాలి. తొలి భాగం నీళ్ళ మీద చేద్దాం. జుమా నమాజు తరువాత, మహిళా పొదుపు సంఘాల సమావేశాల్లో, కళాశాలల్లో దాని లింకు పంచుదాం. కోదాడ దాటితే జగ్గయ్యపేట. అక్కడా ఇదే తెలుగు, ఇవే కష్టాలు, ఇదే నాలుగు శాతం. మన గొంతు అంత దూరం సునాయాసంగా వినిపిస్తుంది. ఈ నెలలోనే ఆ పన్నెండు మంది పేర్లు రాసుకుందాం.