మిర్చి టిక్కీలు ఏసీలో పెట్టే ముందు ఈ లెక్క చూడండి

కోతలు మొదలయ్యాక రైతులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఇప్పుడే అమ్మాలా, ఏసీలో పెట్టాలా?" గుంటూరు యార్డు ధర ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పలేం. మన తేజ కాయ చైనాకు, థాయ్‌లాండ్‌కు, బంగ్లాదేశ్‌కు వెళ్తోంది. అక్కడ కొనేవాళ్ల దగ్గర ఎంత సరుకు ఉందన్న దాన్ని బట్టి కూడా ఇక్కడి ధర కదులుతుంది.

సరుకు నిల్వ పెడితే డబ్బు ఇరుక్కుపోతుంది, అద్దె పడుతుంది, నాణ్యత తగ్గుతుంది. అందుకే పెద్ద కంపెనీలు కావలసినప్పుడు కావలసినంతే తెప్పించుకోవాలని చూస్తాయి. జపాన్ కార్ల కంపెనీ టయోటా ఈ పద్ధతికి పేరు పడింది. కార్ల విడిభాగాలు ఏడాది పొడవునా తయారవుతాయి కాబట్టి వాళ్లకు అది కుదిరింది. మిర్చి అలా కాదు. కాయ మూడు నాలుగు నెలల్లో వచ్చేస్తుంది, వాడకం మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది. మధ్య కాలంలో ఆ నిల్వను ఎవరో ఒకరు మోయాలి. కొనేవాడు మోయకపోతే ఆ బరువు వెనక్కి జరిగి కోల్డ్ స్టోరేజీలో మన టిక్కీల మీద పడుతుంది.

గత కొన్నేళ్లలో జరిగిందే చూడండి. 2021-22లో నల్ల తామరపురుగు తోటల్ని దెబ్బతీసింది. సరుకు తగ్గి, 2023లో తేజ క్వింటాలు 20 వేలు దాటింది. ఆ ధర చూసి అందరం మిర్చే వేశాం. పాత నిల్వ మీద కొత్త కాయ వచ్చి పడింది, ఎగుమతి ఆర్డర్లు మందగించాయి. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. నాకు తెలిసిన ఒక రైతు 20 వేలప్పుడు "ఇంకో రెండు వేలు పెరగనీయండి సార్" అన్నాడు. ఆ కాయనే సగం ధరకు అమ్ముకున్నాడు. అప్పుడు నేనూ గట్టిగా వద్దని చెప్పలేదు.

ఇప్పుడు లెక్క. ఫిబ్రవరిలో ధర 12,000 ఉందనుకుందాం. అక్టోబరు దాకా ఎనిమిది నెలలు ఆపితే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున 1,920 అవుతుంది. అద్దె, హమాలీ, బీమా కలిపి 500 అనుకుందాం. తూకంలో మూడు శాతం తరుగు పోతే మరో 360. మొత్తం 2,780. అంటే అక్టోబరులో 14,780 వస్తేనే మీకు ఫిబ్రవరి ధర వచ్చినట్టు. మీ ఊరి వడ్డీ, మీ స్టోరేజీ అద్దె వేసి ఈ లెక్క మీరే ఒకసారి కట్టుకోండి. చాలామంది వడ్డీని లెక్కలోకే తీసుకోరు.

వడ్డీ తగ్గించుకునే దారి ఒకటుంది. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్టరైన గోదాములో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారు. దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టి రుణం తీసుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులకు కోత తర్వాత ఆరు నెలల వరకు వడ్డీ రాయితీ వర్తిస్తుంది. 8,000 రుణం మీద ఆరు నెలలకు 7 శాతం చొప్పున 280 రూపాయలు. బయట నూటికి రెండు చొప్పునైతే 960. అయితే అన్ని కోల్డ్ స్టోరేజీలకూ ఈ రిజిస్ట్రేషన్ ఉండదు. టిక్కీలు దించే ముందే అడగండి, మీ బ్యాంకు మేనేజరుతోనూ మాట్లాడండి.

ఎంత ఆపాలన్నది మీ అప్పును బట్టి ఉంటుంది. చేబదుళ్లు, ఎరువుల కొట్టు బాకీ తీరేంత సరుకు ముందు అమ్మేయమంటాను. మిగిలింది ఆపినా గడువు పెట్టుకోండి. మధ్యప్రదేశ్ నిమాడ్ కొత్త కాయ దసరా, దీపావళి రోజుల్లో మొదలవుతుంది, జనవరికి మనదీ వస్తుంది. రంగు తగ్గిన పాత కాయకు అప్పుడు బేరం పలచబడుతుంది. ఆగస్టు, సెప్టెంబరులో రెండు విషయాలు కనుక్కోండి: గుంటూరు, ఖమ్మం, వరంగల్ స్టోరేజీల్లో ఎంత నిల్వ ఉంది, ఈసారి ఎంత విస్తీర్ణంలో నాట్లు పడ్డాయి. రెండూ ఎక్కువగా ఉంటే దీపావళి దాకా ఆగకండి.

ఆపదలచుకున్న కాయలో తేమ 10-11 శాతానికి మించకూడదు. కళ్లంలో టార్పాలిన్ మీద ఆరబెట్టి, తాలు కాయ ఏరేసి, నీళ్లు చల్లకుండా టిక్కీ కట్టండి. బూజు పట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది. యూరప్ దేశాలు మసాలా దినుసుల్లో మొత్తం అఫ్లాటాక్సిన్లను 10 పీపీబీ దాటనివ్వవు. అలాంటి కాయను ఎంతకాలం ఏసీలో ఉంచినా ఎగుమతిదారు ముట్టుకోడు.