ఇంటి లెక్క మనకు తెలుసా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. అవి ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకే మనం సిగ్గుపడి ఎప్పుడూ మాట్లాడుకోని ఒక సంగతి రాస్తున్నాను. అది మన ఇంటి అప్పుల సంగతి.

పాణ్యం హాస్టల్లో చేరిన రోజు నా దగ్గర ఒక ట్రంకు పెట్టె, ఒక పళ్లెం, ఒక గ్లాసు, రెండు జతల బట్టలు, ఒక దుప్పటి ఉన్నాయి. పదో తరగతి దాకా నా సంసారమంతా ఆ పెట్టెలోనే సాగింది. ఏది ఎక్కడుందో చీకట్లో కూడా తీయగలిగేవాణ్ణి. కాస్మొటిక్ ఛార్జీలు వస్తే సబ్బుకెంత, నూనెకెంత, పెన్నుకెంత అని ముందే పంచుకునేవాళ్లం. మనకు లెక్క రాదని ఎవరూ అనలేరు. కానీ ఆ లెక్కను మనం ఇంటిదాకా తీసుకుపోలేదు.

మా నాయన నాపరాళ్ల గనిలో కూలి. అమ్మ శనగ కోతలకు, పత్తి తీయడానికి పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఎం.కాం.లో చేరాక కంపెనీల ఆస్తి అప్పుల పట్టీలు వేయడం నేర్చుకున్నాను. ఒకసారి సంక్రాంతి సెలవుల్లో "మనకు అప్పు మొత్తం ఎంతుందమ్మా?" అని అడిగాను. అమ్మ చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. ఇద్దరు ఆసాముల దగ్గర చేబదుళ్లు, అంగట్లో పద్దు, పొదుపు సంఘం అప్పు, అక్క పెళ్లికి తెచ్చిన అప్పు, చెవి కమ్మల తాకట్టు, రోజు కంతు. మొత్తం ఏడు చోట్ల! చదువు రాని మా అమ్మ ఆ ఏడింటి గడువులూ తలలో పెట్టుకుని మోస్తోంది. ఎం.కాం. చదివే నాకు ఒక్కటీ తెలియదు.

ఆ రోజు కంతు సంగతి వినండి. 10,000 అని రాసుకుంటారు. చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. "పదిహేను వందలే కదా పోయేది" అనుకుంటారు మన వాళ్లు. కానీ రోజూ అసలు తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది నాలుగు వేల చిల్లరే. దాని మీద మూడు నెలల పది రోజులకు 1,500 అంటే నెలకు నూటికి సుమారు పది రూపాయల వడ్డీ! ఊళ్లో ఎవరైనా పది రూపాయల వడ్డీ అడిగితే కొట్టడానికి పోతాం. కంతు పేరుతో అడిగితే నమస్కారం పెట్టి తెచ్చుకుంటాం.

"ఈ కంతు ఎందుకు తెచ్చావమ్మా?" అంటే అమ్మ కాసేపు మాట్లాడలేదు. 2021లో, డిగ్రీ మొదటి సంవత్సరంలో, ఆన్‌లైన్ పాఠాలకు ఫోను కావాలని పట్టుబట్టింది నేనే. దానికోసం తెచ్చిన కంతు తీరకముందే ఇంకొకటి, దాన్ని తీర్చడానికి మరొకటి. ఫోను పాడై మూలన పడింది. కంతు మాత్రం నడుస్తూనే ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

"మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలి" అని పెద్దలు సామెత చెబుతారు. మంచమే లేనివాడికి ఈ సామెత చెప్పడం అన్యాయమని నా అభిప్రాయం. మన తల్లిదండ్రులు దుబారా చేసి అప్పులపాలు కాలేదు. కూలి చాలక, జబ్బులొచ్చి, మన ఫీజులు గడువుకు అందక అప్పు చేశారు. కాబట్టి తక్కువ తినండి, తక్కువ కట్టండి అని నేను చెప్పడం లేదు. కూలి పెరగాలి, స్కాలర్‌షిప్పులు వేళకు రావాలి. వాటికోసం అడుగుతూనే ఉండాలి. కానీ అవి వచ్చేలోపు వడ్డీకి పోయే డబ్బును ఆపడం మన చేతిలో ఉంది. అదొక్కటే నా మాట.

ఇది ఆడవాళ్లు ఎప్పుడో చేసి చూపించారు. పాణ్యం నియోజకవర్గంలోనే ఉన్న ఓర్వకల్లు మండలంలో 1990ల నుంచి పేద మహిళలు రోజుకో రూపాయి దాచి సంఘాలు కట్టారు. ఆ సంఘాలన్నీ కలిసి మండలమంతటికీ ఐక్య సంఘమైంది. బాలభారతి పేరుతో బడి కూడా పెట్టుకున్నారు. వాళ్ల బలం రూపాయిలోనే లేదు. ప్రతి రూపాయీ పుస్తకంలో రాసి, అందరి ముందూ చదివించుకోవడంలో ఉంది. వేరే దారిలో ఏమవుతుందో కూడా మన రాష్ట్రం చూసింది. సూక్ష్మ రుణ సంస్థల వారం కంతులు, వసూళ్ల వేధింపులు భరించలేక ప్రాణాలు తీసుకున్నారన్న వార్తల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

మా ఇంట్లో చేసింది చెబుతాను. ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాను. ఎవరికి, ఎంత, ఏ వడ్డీకి, ఎప్పటిలోగా అని నాలుగు గడులు గీశాను. మొదట నాయనకు కోపం వచ్చింది. "నాలుగు అక్షరాలు రాగానే నన్నే లెక్క అడుగుతావా?" అన్నాడు. అందుకని మొదటి పుటలో నా ఖర్చులే రాసి చదివి వినిపించాను. బస్సు ఛార్జీలు, రీఛార్జి, టీలతో సహా. మూడో రోజు ఆయనే పిలిచి బీడీల ఖర్చు రాయమన్నాడు. సంఘంలో అమ్మ వంతు అప్పు వచ్చినప్పుడు ముందు కంతు మూసేశాం, తర్వాత ఆసాములవి. ఏడు చోట్లు నాలుగయ్యాయి. అక్క పెళ్లి అప్పు 50,000 ఇంకా అట్లే ఉంది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 18,000. మూడేళ్లు తిరగకముందే వడ్డీ అసలును దాటుతుంది. ఇప్పుడు ఇంట్లో అందరికీ ఈ మాట తెలుసు, అందరి చూపూ దాని మీదే ఉంది.

తమ్ముళ్లారా, ఈ సెలవుల్లో మీరూ మూడు పనులు చేయండి.

ఒకటి. ఒక నోటుబుక్కు పెట్టండి. పెళ్లిలో చదివింపులు పైసాతో సహా పుస్తకంలో రాస్తాం. ఆ పెళ్లికి తెచ్చిన అప్పు మాత్రం ఎక్కడా రాయం. ఇదేం న్యాయం?

రెండు. ఎవరు అప్పిచ్చినా చేతికి వచ్చేదెంత, మొత్తం కట్టేదెంత అని అడిగి తెలుసుకున్నాకే అమ్మానాన్నలతో వేలిముద్ర వేయనివ్వండి. ఫోనులో యాప్ అప్పుకైనా ఇదే మాట.

మూడు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం, బాకీ తీర్చిన రసీదులు, అన్నీ ఒకచోట పెట్టండి. ఒక్క కాగితం కనపడకపోతే ఒక రోజు కూలి పోతుంది.

నా ట్రంకు పెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. కాగితాలన్నీ, ఆ నోటుబుక్కూ అందులోనే. తాళంచెవి అమ్మ దగ్గర ఉంటుంది. ప్రభుత్వం మనకు అన్నం పెట్టి చదువు చెప్పించింది మన పేరు పక్కన రెండక్షరాలు చేర్చుకోవడానికే కాదు. ఇంట్లో ఒక్కతే మోస్తున్న బరువుకు మనమూ ఒక భుజం పట్టకపోతే ఆ చదువుకు అర్థం లేదని నా మనవి.

— ఒక పూర్వ విద్యార్థి, ఎం.కాం.