వారానికి నాలుగు గంటలు

మొన్న శుక్రవారం పొద్దున చాయ్ ఇస్తుంటే అత్తమ్మ నా ముఖం వైపు చూసి "నీను యార మగళు?" అని అడిగింది. నువ్వెవరి బిడ్డవు అని. ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాకు పంతొమ్మిదేళ్లు. ఆమె పుట్టిల్లు రాయచూరు దగ్గరి పల్లె. పెళ్లయి గద్వాల వచ్చాక యాభై ఏళ్లు తెలుగే మాట్లాడింది. ఇప్పుడా తెలుగు కొంచెం కొంచెంగా జారిపోతోంది, అడుగునున్న కన్నడ పైకి తేలుతోంది. నాకొచ్చిన నాలుగు ముక్కల కన్నడంలో ఏదో చెప్పాను. "ఒళ్ళె హుడుగి" అని చాయ్ తాగింది. మంచి పిల్లనట. కోడలిగా ఉన్నన్నాళ్లూ ఆ మాట ఒక్కసారి అనలేదు లెండి!

మూడేళ్ల కిందట ఇది మొదలైనప్పుడు ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం. చాదస్తం. పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే చాదస్తం, తాళంచెవులు బియ్యం డబ్బాలో దాస్తే చాదస్తం. తిన్న అరగంటకే వీధి అరుగు మీద కూర్చుని "కోడలు అన్నం పెట్టలే" అని పోయేవాళ్లకు చెబితే మాత్రం అది చాదస్తం అనిపించలేదు, కావాలని చేస్తోంది అనిపించింది. దాదాపు ఏడాది ఆమెతో నిజంగానే కొట్లాడాను. జబ్బుతో కొట్లాడుతున్నానని నాకు తెలియదు.

ఇందులో నా తప్పు ఇంకోటుంది. ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి బీపీ, షుగర్ వివరాలు రాసుకునే ఫారం చూశారా? అందులో అరవై దాటినవాళ్ల కోసం ఒక ప్రశ్న ఉంటుంది. దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంతింటి అడ్రసు గానీ మరిచిపోతున్నారా అని. మా ఇంటికొచ్చిన అమ్మాయి ఆ ప్రశ్న అడిగింది కూడా. "వయసు కదమ్మా, అందరికీ ఉండేదే" అని నేనే కొట్టిపారేశాను. ఆమె "లేదు" అని రాసుకుని పోయింది. ఇంటి పరువు అనుకున్నానో, ఇంకో పని నెత్తిన పడుతుందనుకున్నానో. దేశంలో అరవై దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి ఈ జబ్బు ఉందని, మొత్తం 88 లక్షల మంది దాకా ఉంటారని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం చెబుతోంది. మన వీధుల్లో ఒక్కరి పేరూ వినపడదు. నాలాంటి కోడళ్లందరూ "లేదు" అనే రాయించి ఉంటారు.

చివరికి ఎర్రవల్లి చౌరస్తా దాకా ఆటోలో, అక్కణ్నుంచి బస్సులో హైదరాబాద్ పోయి ఒక ఆస్పత్రిలో చూపించాం. థైరాయిడ్, బి12 పరీక్షలు చేశారు. వాటి లోపం వల్ల వచ్చిన మతిమరుపైతే మందులకు తగ్గే అవకాశం ఉంటుందట, అందుకే ముందు అవి చూస్తారు. (ఈ రక్తపరీక్షల కోసం హైదరాబాద్ దాకా పోనక్కరలేదు, మీ దగ్గరే చేయించండి.) తర్వాత ప్రశ్నలు. ఈరోజు తారీఖెంత, ఏ సంవత్సరం, ఇది ఎన్నో అంతస్తు? అత్తమ్మ జన్మలో తారీఖు చూసి ఎరగదు. అమావాస్య ఎప్పుడో, జములమ్మ జాతర ఏ నెలలోనో అడిగితే అప్పటికింకా చెప్పేది. చదువుకోని పల్లె మనిషిని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉంటాయని నా అభిప్రాయం. కన్నడలో అడిగి ఉంటే ఇంకో నాలుగు మార్కులు వచ్చేవేమో కూడా.

భాష అంటే గుర్తొచ్చింది. నిమ్స్‌లో జ్ఞాపకశక్తి క్లినిక్‌కు వచ్చిన 648 మంది మీద డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం చేసిన పరిశోధన 2013లో అచ్చయింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చిందట, బడికి పోనివాళ్లలో కూడా. అంటే సరిహద్దు పల్లె కన్నడ, గద్వాల తెలుగు కలిసి మా అత్తమ్మకు ఇంకొన్నేళ్లు ఇచ్చాయేమో అనుకుంటాను. ఆ ఏళ్లలోనే నా కొడుక్కి నడక నేర్పింది ఆమె.

డాక్టరు మందులు రాశారు. ఇది తగ్గే జబ్బు కాదు, కనిపెట్టుకుని ఉండండి అన్నారు. ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? ఆ మాట అన్నప్పుడు ఆ గదిలో ఉన్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందరూ నా వైపే చూశారు.

కనిపెట్టుకోవడం అంటే ఏమిటో చెబుతాను. సాయంత్రం నాలుగైందంటే "ఇంటికి పోతా" అని సంచి సర్దుకుంటుంది. ఒకసారి బస్టాండు దాకా పోయి రాయచూరు బస్సు ఎక్కి కూర్చుంది, తెలిసిన కండక్టరు కాబట్టి దించి ఫోన్ చేశాడు. అప్పటినుంచి ఆమె జాకెట్లన్నిటికీ లోపల మా ఫోన్ నంబరు దారంతో కుట్టాను. పోయిన వేసవిలో ఒకరోజు పిల్లాడి స్కూలు నుంచి రమ్మని ఫోను వస్తే, వేరే దారి లేక బయట తాళం వేసి పోయాను. గంటన్నర. తిరిగొచ్చేసరికి చీర తడుపుకుని, తలుపు బాది బాది చేతులు వాచిపోయి కూర్చుంది. వీధంతా చూసింది. రాత్రికి ఆడబిడ్డ ఫోన్ చేసి "మా అమ్మను గొడ్డును కట్టేసినట్టు కట్టేస్తవా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ గంటన్నర నువ్వొచ్చి కూర్చుంటావా అని మాత్రం అడగాలనిపించింది, అడగలేదు.

వృద్ధాశ్రమం అంటే పాపమనేవాళ్లు మన దగ్గర చాలామంది. నేనలా అనను. పోయి కనుక్కున్నాను కూడా. తన పనులు తాను చేసుకోగలిగేవాళ్లనే తీసుకుంటామన్నారు. అలా చేసుకోగలిగితే నేనెందుకు పోతాను? హైదరాబాద్‌లో ఈ జబ్బువాళ్ల కోసమే ప్రైవేటు ఇళ్లున్నాయి. ఒకచోట నెలకు చెప్పిన రేటు మా ఆయన జీతంలో ముప్పావు వంతు. పైగా గద్వాల వీధి, మగ్గం చప్పుడు తప్ప ఏదీ గుర్తులేని మనిషిని తీసుకుపోయి అక్కడ వదిలితే, మిగిలిన ఆ కాస్తా పోదా?

కేరళలో ప్రభుత్వమే అల్జీమర్స్ సొసైటీతో కలిసి 2014లో ఒక పథకం పెట్టింది. త్రిస్సూర్ జిల్లా కున్నంకుళంలో ఉండిపోయేవాళ్లకు ఒక ఇల్లు, ఎర్నాకుళం వైపు పగటిపూట చూసుకునే కేంద్రం. మనకు ఆ మొదటిది ఇప్పుడే రాదని తెలుసు. రెండోది ఎందుకు రాదు? 2016లో పాలమూరు నుంచి విడదీసి మనకు మూడు జిల్లాలిచ్చారు. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ కాలేజీ ఆస్పత్రుల్లో వారానికొకరోజు మతిమరుపు ఓపీ, ఊళ్లో ఒక గది, ఇద్దరు శిక్షణ పొందిన ఆడవాళ్లు. మహిళా సంఘాల్లో పనికోసం చూసేవాళ్లు లేరా? వారానికి నాలుగు గంటలు ఎవరైనా మనిషిని అప్పగించుకుంటే చాలు. మిగతా నూట అరవై నాలుగు గంటలు మేం చూసుకుంటాం.

అంతదాకా నాకు పనికొచ్చినవి రెండు నంబర్లు. 14567 పెద్దవాళ్ల హెల్ప్‌లైన్, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. 14416 టెలీ మానస్, ఇరవై నాలుగు గంటలూ. రెండింట్లోనూ తెలుగులో మాట్లాడతారు. టెలీ మానస్‌కు అత్తమ్మ గురించి అడుగుదామని చేశాను. అవతలి అమ్మాయి "మీరు రాత్రిళ్లు నిద్రపోతున్నారామ్మా?" అని అడిగింది. ఆ మాటకే ఏడుపొచ్చింది. మూడేళ్లలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి.

ఈమధ్య ఇంకో ఏర్పాటు చేసుకున్నాను. మా వీధిలో మగ్గాలకు కండెలు చుట్టే అక్క ఒకామె గురువారాలు పది గంటలకు తన రాట్నంతో మా ఇంటికొస్తుంది, రెండింటిదాకా ఉంటుంది. కూలి నేనిస్తున్నాను. అత్తమ్మ పక్కన కూర్చుని దారం అందుకుంటుంది. నా పేరు మరిచిన మనిషి, పోగు తెగితే ముడి వేయడం మరవలేదు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటారు, ఈమె కన్నడలో, ఆమె తెలుగులో. మొదటి గురువారం బ్యాంకుకు పోదామని పాస్‌బుక్ తీసుకుని, ఒక్క నిమిషమని మంచం మీద వాలి, రెండింటిదాకా నిద్రపోయాను.

వచ్చే సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాను, ఆ పగటి గది కోసం. మా ఆయన టైప్ చేసిపెట్టాడు, ఆడబిడ్డ కూడా సంతకం పెడతానంది. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో మీ ఇంట్లోనూ ఇలా ఒకరుంటే మీ కలెక్టరేట్‌లో మీరూ ఒకటివ్వండి. ఈసారి ఆశా అమ్మాయి వచ్చి ఆ ప్రశ్న అడిగితే "అవును" అని రాయించండి.