ఊరి పేరే నేరమా?

బాపట్ల, చీరాల మధ్య రైలుదారి మీద స్టూవర్టుపురం అనే చిన్న స్టేషను ఉంది. ఆ పేరు వినగానే మన జిల్లాలో చాలామందికి తోచేది ఒకటే మాట: దొంగలు. కళ్లంలో ధాన్యం బస్తా పోయినా, పెరట్లో ఇత్తడి బిందె పోయినా ముందుగా ఆ ఊరి వంక చూడడం ఒకనాడు రివాజు. చేతివాటం చూపిన పిల్లవాణ్ణి "స్టూవర్టుపురం దొంగవా?" అని గద్దించేవారు నేటికీ లేకపోలేదు. ఆ ఊళ్లోనే పుట్టి, బడికి వెళ్లి, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునే పిల్లవాడు తన ఊరి పేరు రాసేటప్పుడు ఎందుకు జంకుతాడో మనం ఆలోచించం. "నిప్పు లేనిదే పొగ రాదు" అనేవారు ఆ నిప్పు ఎవరు పెట్టారో తెలుసుకోవలసి ఉంది.

స్టూవర్టుపురంలో ఉండేవారు ప్రధానంగా ఎరుకలవారు. గిరిజనులు. వారిలోని తెగల పేర్లు వింటేనే వారి పూర్వపు బ్రతుకుతెరువు బోధపడుతుంది. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. తీరప్రాంతపు ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని మెట్ట సీమలకు తీసుకుపోయి అమ్మేవారు. తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చేవారు. వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లేవారు. ఎరుక చెప్పే ఆడవాళ్లను మన ఇళ్లలోకి పిలిచి, చేటలో బియ్యం పోసి, చెయ్యి చూపించుకున్న అమ్మమ్మలు ఎందరో! ఊరూరా తిరిగే ఈ జనం లేకపోతే లోపలి గ్రామాలకు ఉప్పు చేరడమే కష్టంగా ఉండేది.

తెల్లవారి ప్రభుత్వం ఉప్పు మీద గుత్తాధిపత్యం చేజిక్కించుకుని పన్ను పెంచింది. రైళ్లు వచ్చాయి. గాడిదల బేరం పడిపోయింది. అడవులకు ఆంక్షలు పెట్టడంతో వెదురుకూ తిప్పలు వచ్చాయి. వీటికి తోడు 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని దహించిన కరువు. బ్రతుకుతెరువు పోయిన వారిలో కొందరు దొంగతనాలకు దిగారంటే ఆశ్చర్యమేముంది? ఆకలి చేయించిన పనిని పుట్టుకకు అంటగట్టడమే అసలు అన్యాయం.

ఆ అంటగట్టడం చట్టం పేరుతోనే జరిగింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో సవరించి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. ప్రభుత్వం ఒక కులాన్నో తెగనో నేరస్థ జాతి అని ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీలులేదు. ఆ తెగలో పుట్టడమే నేరం. వేలిముద్రలు ఇవ్వాలి. పిలిచిన వేళకు హాజరు పలకాలి. చీటీ లేనిదే ఊరు దాటరాదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడులలో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ఇచ్చింది. దొంగతనం చేసినవాడికి శిక్ష వేసే చట్టం ఏ దేశంలోనైనా ఉంటుంది. ఉయ్యాలలోని పసికందును అనుమానితుల జాబితాలోకి ఎక్కించే చట్టాన్ని ఏమనాలి?

అలా పట్టుకొచ్చినవారిని ఉంచడానికి 1913 ప్రాంతంలో వెలసిన సెటిల్‌మెంటే స్టూవర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. విజయవాడ దగ్గర సీతానగరంలోనూ ఇటువంటిదే నడిచింది. కావలిలోని సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. స్టూవర్టుపురంలో బడి పెట్టిన మాట, వైద్యం అందించిన మాట, సేద్యం నేర్పిన మాట వాస్తవమే. దాన్ని కాదనడం సబబు కాదు. కాని ఆ బడి గంటకు ముందు హాజరు గంట మోగేది. చీరాలలో పొగాకు కంపెనీ వెలిశాక దానికి కావలసిన కూలీలు ఈ సెటిల్‌మెంటు నుంచే వెళ్లారు. వద్దని చెప్పే హక్కు లేని కూలీ ఎవరికి చేదు!

ఈ ఏర్పాటుకు ఆద్యుడైన సాల్వేషన్ ఆర్మీ భారతదేశ శాఖ అధిపతి బూత్ టక్కర్ తన పద్ధతికి క్రిమినోక్యూరాలజీ అని ఒక పేరు కూడా పెట్టాడు. అంటే నేరానికి చికిత్స అన్నమాట. రోగం లేనివాడికి మందు పోసి, చివరకు అతడే తాను రోగినని నమ్మేటట్టు చేసిన చికిత్స అది.

1936లో నెల్లూరు వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఏ తెగనైనా మూకుమ్మడిగా నేరస్థులనడం తగదని, దీన్ని చట్టాల పుస్తకం నుంచి తొలగించాలని అన్నారు. యానాదుల్లో కొన్ని సమూహాలు కూడా ఈ జాబితాలో మగ్గిన కాలమది. వారి పక్షాన వెన్నెలకంటి రాఘవయ్య వంటి పెద్దలు ఏళ్ల తరబడి శ్రమించారు. మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అందుకే విముక్త జాతులవారు ఆ తేదీని తమ స్వాతంత్ర్య దినంగా జరుపుకుంటారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 5 ఏళ్లకు వారికి వచ్చింది!

వచ్చినా అది సగమే. మద్రాసు రాష్ట్రం 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన చట్టం తెచ్చుకుంది. జాతి అనే మాట పోయి అలవాటు అనే మాట వచ్చింది. కాగితం మీద తేడా పెద్దదే. ఠాణాలో కానిస్టేబుల్ చేతిలోని పాత రిజిస్టరుకు మాత్రం ఆ తేడా తెలియదు. ఎక్కడ చోరీ జరిగినా అవే పేర్లు, అవే ఇళ్లు. తండ్రి పేరు పక్కన కొడుకు పేరు. రోజూ ఠాణాకు పిలిచే మనిషిని పనిలో పెట్టుకునేదెవరు? పని దొరకనివాడు ఏమవుతాడో చెప్పడానికి పెద్ద చదువులు అక్కరలేదు.

1970లలో లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలోనూ, నెల్లూరు జిల్లా కప్పరాళ్లతిప్పలోనూ అడుగుపెట్టారు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. హేమలత మహాకవి జాషువా కుమార్తె. అస్పృశ్యత గాయం ఎటువంటిదో ఆ ఇంట పుట్టిన ఆమెకు ఒకరు చెప్పనక్కరలేదు. వారు లాఠీతో రాలేదు, హాజరు పట్టీతో రాలేదు. ఇళ్లలో కూర్చుని మాట్లాడారు. ఆడవాళ్లతో, పిల్లలతో స్నేహం చేశారు. ఎన్నో కుటుంబాలు పాత దారి విడిచిపెట్టాయి. సెటిల్‌మెంటు అధికారుల కాపలాతో కానిది మనిషిగా చూసినందువల్ల అయిందంటే, లోపం ఎవరి చూపులో ఉన్నట్టు?

సినిమావారికి మాత్రం ఇది పట్టలేదు. 1991లో ఒకటికి రెండు చిత్రాలు ఈ ఊరి పేరు పెట్టుకుని వచ్చాయి. 2023లో ఒక గజదొంగ కథగా మరొకటి వస్తుంటే, ప్రచార చిత్రంలో తమ జాతిని, ఊరిని కించపరిచారని అక్కడివారు హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. పత్రికలూ తక్కువ తినలేదు. స్టూవర్టుపురం బిడ్డ రాగాల వెంకట రాహుల్ 2014 యూత్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ రజతం, 2018 కామన్వెల్తు క్రీడల్లో స్వర్ణం తెచ్చాడు. దేశమంతా పొంగిపోయింది. అభినందిస్తూనే కొందరు "దొంగల ఊరి నుంచి" అని శీర్షికలు కట్టారు. గుంటూరు, చీరాల కుర్రవాళ్లు పతకం తెస్తే ఆ ఊళ్లలోని దొంగల లెక్క ఎవరైనా రాస్తారా?

పెద్దలు పడిన అవమానం పిల్లలకు ఆస్తిలా సంక్రమిస్తుంది. హాజరు పలికిన తాత తల వంచుకోవడం నేర్చుకున్నాడు. తండ్రి ఊరి పేరు దాచడం నేర్చుకున్నాడు. మనవడికి ఎందుకు దాస్తున్నామో కూడా తెలియదు. భయం మాత్రం మిగిలింది. కెనడాలోనూ, ఆస్ట్రేలియాలోనూ ఆదివాసుల పిల్లలను తల్లుల ఒడి నుంచి లాక్కుపోయి మిషన్ బడుల్లో, ప్రభుత్వ ఆశ్రమాల్లో పెంచిన చరిత్ర ఉంది. ఆ రెండు దేశాల ప్రధానులు 2008లో నిండు పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. క్షమాపణతో పోయిన బాల్యం తిరిగిరాదు. అయినా తప్పు నీది కాదు, మాది అని రాజ్యం బాహాటంగా అనడం గాయం మానడానికి మొదటి మెట్టు. మన దగ్గర చట్టాన్ని కొట్టివేశారు గాని ఆ ఒక్క మాట చెప్పే తీరిక ఎవరికీ కలగలేదు.

న్యాయస్థానాలు కొంత కదిలాయి. అణగారిన కులాల, తెగల అమాయకుల పేర్లు పోలీసు షీట్లలోకి యాంత్రికంగా ఎక్కకుండా చూడాలని సుప్రీంకోర్టు 2024 మే నెలలో రాష్ట్రాలకు సూచించింది. అదే ఏడాది అక్టోబరు 3న మరో తీర్పులో, జైళ్ల నిబంధనావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టివేసింది. విముక్త జాతులవారిని పుట్టుకతో నేరగాళ్లుగా చూసే నిబంధనలు చెల్లవని, వారిని ఇష్టారాజ్యంగా అరెస్టు చేయరాదని చెప్పింది.

తీర్పు ఢిల్లీలో వచ్చింది, రిజిస్టరు మన ఠాణాలో ఉంది. జిల్లా పోలీసు అధికారులు ఈ షీట్లను ఒక్కొక్కటిగా తిరగవేసి, కారణం లేనివాటిని మూసివేసి, ఆ సంగతి సంబంధిత కుటుంబానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాటగా చెబితే రేపు వచ్చే అధికారికి అది గుర్తుండదు. విద్యాశాఖ తలచుకుంటే ఈ జిల్లా బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు సెటిల్‌మెంట్ల చరిత్ర ఒక్క పూట చెప్పడం పెద్ద పని కాదు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు అది స్టూవర్టుపురం పిల్లలకంటే ఎక్కువ అవసరం.

ఎరుకల, యానాది సోదరులకూ ఒక మాట. షెడ్యూల్డు తెగలవారిని పదిమంది ఎదుట కులం పేరుతో కించపరచడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. వారి మీద తప్పుడు కేసు బనాయించడమూ నేరమే. వకీలును పెట్టుకునే స్తోమత లేదని వెనుకాడనక్కరలేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం గిరిజనులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసి ఇవ్వవచ్చు. రాయడం రానివారికి అక్కడివారే రాసిపెట్టాలి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోవడం మరువరాదు.