మెప్పు చాలదు, తోడు కావలెను

మంచముపట్టిన తల్లికి సేవచేయు బిడ్డను మనవారు శ్రవణకుమారునితో పోల్చి మెచ్చుకొందురు. ఆ బిడ్డ బడి యేల మానినదని యెవరును అడుగరు. తెలుగు తప్ప తెలియని పెద్దలకు ఆసుపత్రిలో కన్నడమునకో, తమిళమునకో దుబాసీ యగునదియు ఆ పసిబిడ్డయే!

6 నుండి 14 ఏండ్ల వరకు చదువు హక్కని 2009 నాటి చట్టము చెప్పుచున్నది. జీతము లేక సేవచేయు కుటుంబసభ్యులను సైతము 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంరక్షకులుగా గుర్తించినది. అధిక సహాయము కావలసిన వికలాంగులకు సంరక్షకభత్యమును 24వ సెక్షనులో పేర్కొన్నది. అడుగనిదే అది యింటికి నడచివచ్చునా?

సోదర సోదరీమణులారా! బడివేళలో వంతులవారీగా రోగికడ కూర్చుండుడు. రాష్ట్రభాషలో దరఖాస్తు వ్రాసిపెట్టుడు. ఆసుపత్రికి పెద్దవారొకరు తోడు వెళ్లుడు. బిడ్డ చదువును బలిగొన్న సేవను పుణ్యమని పొగడుట మన సోమరితనమునకు ముసుగు మాత్రమే.